గట్టెక్కిన చేపలు

వరదకాలమున గోదావరి ఎఱ్ఱనీరు సముద్రమును చేరగనే పులస చేప ఆ నీటికి ఎదురీదుచు నదిలో ప్రవేశించును. ఉప్పునీటిలో పెరిగిన ఆ చేప గ్రుడ్లు పెట్టుటకు మంచినీటిని వెదకికొని వచ్చునని గోదావరి తీరవాసులకు బాగుగా తెలియును. ఇట్టి స్వభావమే గల చేప మఱియొకటి భూగోళపు ఉత్తరభాగమున, చల్లని సముద్రములలో కలదు. దాని పేరు సాల్మన్. అది ఏటిలో, గులకరాళ్ల నడుమ పుట్టును. పిల్లగా నున్నప్పుడే సముద్రమునకు పోవును. అచ్చట బహుదూరము తిరిగి, పెరిగి పెద్దదై, పుట్టిన యేటి నీటి వాసనను గుర్తుపట్టి తిరిగి ఆ యేటికే వచ్చును. పసిఫిక్ మహాసముద్రపు సాల్మన్ జాతులలో పెక్కు గ్రుడ్లు పెట్టిన పిదప మరణించును. వాని కళేబరములు ఎలుగుబంట్లకును గ్రద్దలకును ఆహారమగును. మిగిలినది గట్టున నున్న వృక్షములకు ఎరువగును. ఆ చేప రాని సంవత్సరమున ఏటికి, అడవికి, జంతువులకు, మనుష్యులకు, అందఱకును కొఱతయే.

కెనడా దేశపు పశ్చిమతీరమున బ్రిటిష్ కొలంబియా రాష్ట్రము కలదు. ఆ తీరమునకు ఎదురుగా వాంకూవర్ అను పెద్ద ద్వీపమున్నది. దాని యుత్తరభాగమున నింప్కిష్ నది సముద్రమున కలియును. ఆ ప్రాంతమున తరతరములుగా నంగిస్ అను ఆదివాసులు నివసించుచున్నారు. సాల్మన్ వారికి ధాన్యము వంటిది. చేపలు ఏటికెక్కు కాలమున వానిని పట్టి, పొగబెట్టి, ఎండబెట్టి, శీతకాలమునకు దాచుకొనుట వారి పూర్వాచారము. ఈ యేడు చేపలు తగ్గినవన్న వార్త వినినప్పుడు, పైరు ఎండినదని వినిన రైతు ఎట్లు కలతపడునో వారును అట్లే కలతపడుదురు.

ఈ చేపను సముద్రమున వేటాడుటకు మాఱుగా పెంచరాదా యను ఆలోచన నార్వే దేశమున బలపడెను. 1970లో ఆ దేశమునందలి హిట్రా ద్వీపమున గ్రోంట్వెట్ సోదరులు ఎనిమిది మూలలు గల తేలు పంజరమొకటి నిర్మించి, అందు సుమారు 20 వేల సాల్మన్ పిల్లలను విడిచిరి. అవి చక్కగా పెరిగినవి. ఈ పద్ధతి త్వరలోనే ఇతరులకు ఆదర్శమయ్యెను. నార్వే నుండి స్కాట్లండు, కెనడా, చిలీ దేశములకు అది వ్యాపించెను. నేడు నార్వే ఒక్కటియే సంవత్సరమునకు సుమారు 15 లక్షల టన్నుల సాల్మన్‌ను పెంచుచున్నది. ప్రపంచపు జనులు తిను సాల్మన్‌లో సగమునకు మించినది పెంపకపు చేపయే.

ఆ పంజరము యొక్క నిర్మాణము మిక్కిలి సులభమైనది. నీటిపై తేలు చట్టమొకటి ఉండును. దానినుండి పెద్ద సంచి వలె వల క్రిందికి వ్రేలాడుచుండును. కెరటముల తాకిడి తక్కువగా నుండు ఇరుకు సముద్రపాయలలో దీనిని లంగరు వేసి నిలుపుదురు. చేపపిల్లలను మొదట గట్టుమీది మంచినీటి తొట్లలో పెంచి, సుమారు నూఱు గ్రాముల బరువు రాగానే ఈ వలలలో విడుతురు. అవి సంవత్సరము, సంవత్సరమున్నర పెరిగి నాలుగైదు కిలోల బరువగును. పోటుపాటులు వలగుండా నీటిని సదా కదల్చుచుండును. క్రొత్త నీరు ప్రాణవాయువును తెచ్చును. పాత నీరు మలినమును కొనిపోవును. పంపు అక్కఱలేదు, ఊడ్చువాడు అక్కఱలేదు. సముద్రము ఈ పనులన్నియు కూలి అడుగకయే చేయును. పెంపకపు సాల్మన్ చౌకగా దొరకుటకు ఇదియొక ముఖ్యకారణము.

అయితే వల చేపను ఆపునే కాని నీటిని ఆపదు. నీటితోపాటు పోవువానిని ఏమియు ఆపదు. చిక్కెల్ల అచ్చటనే యున్నది.

ఆ చిక్కులలో మొదటిది సముద్రపు పేను. ఇది సాల్మన్ చర్మమును పట్టుకొని, దాని జిగురును రక్తమును తిని బ్రతుకు చిన్న జీవి. ఇది క్రొత్తగా పుట్టినది కాదు. అడవిచేపలపై అనాదిగా ఉన్నదే. ప్రకృతిలో దీనికి ఒక అడ్డుకట్ట కూడ కలదు. పేనులను మోయు పెద్దచేపలు శరత్కాలమున ఏటికెక్కును. మంచినీరు తగులగానే పేనులు రాలిపోవును. ఆ పెద్దచేపలలో పెక్కు ఏటిలోనే మరణించును. మఱునాటి వసంతమున పిల్లలు సముద్రమునకు దిగునప్పటికి తీరపునీటిలో పేనులు అల్పముగా నుండును. కాని ఆ దారిలో వల పంజరములున్నచో పరిస్థితి మాఱును. లక్షలకొలది చేపలు ఏడాది పొడుగునను అచ్చటనే యుండును గనుక, పేనులకు శీతకాలమునందును ఆశ్రయము దొరకును. వాని పిల్లలు నీటిలో తేలియాడుచు వలదాటి వెలుపలికి వచ్చును. నాలుగు కిలోల చేపకు నాలుగు పేనులు పెద్ద బాధ కాదు. చిటికెనవ్రేలంత పొడవైన లేత పిల్లకు ఒకటి రెండు పేనులే ప్రాణాంతకము కావచ్చును. 2001లో బ్రిటిష్ కొలంబియా యందలి బ్రౌటన్ ద్వీపసముదాయమున పేనులు పట్టిన సాల్మన్ పిల్లలు కనబడినప్పటి నుండి ఈ వివాదము తీవ్రమయ్యెను.

పేనులను చంపుటకు మేతలో మందు కలిపిరి. కొంతకాలమునకు ఆ మందునకు లొంగని పేనులు పుట్టుకొనివచ్చినవి. కొందఱు చేపలను మందునీటిలోను, వెచ్చని నీటిలోను ముంచి తీసిరి. మఱికొందఱు పేనులను ఏఱుకొని తిను వేఱుజాతి చేపలను వలలలో విడిచిరి. ఏ ఉపాయమును పూర్తిగా ఫలింపలేదు.

రెండవ చిక్కు చేపలు తప్పించుకొనుట. 2017 ఆగస్టులో అమెరికా దేశపు వాషింగ్టన్ రాష్ట్రమున, సైప్రస్ ద్వీపము చెంత నున్న వల పంజరములు కూలిపోయినవి. సుమారు 3 లక్షల చేపలలో 2 లక్షల 40 వేలకు మించి సముద్రము పాలైనవని రాష్ట్ర ప్రభుత్వపు విచారణ తేల్చెను. వలలకు దట్టముగా పట్టిన ఆల్చిప్పలను, నాచును సకాలమున తొలగింపకపోవుటచే ప్రవాహపు ఒత్తిడికి పంజరములు తట్టుకొనలేకపోయినవని ఆ విచారణ తెలిపెను. అవి అట్లాంటిక్ సాల్మన్ జాతికి చెందినవి. పసిఫిక్ నీటికి పరాయివి. మఱుసటి సంవత్సరమే ఆ రాష్ట్ర శాసనసభ పరాయిజాతి చేపల వల పెంపకమును క్రమముగా ముగించుటకు చట్టము చేసెను. మూడవ చిక్కు మలినము. తినక మిగిలిన మేతయు, చేపల రెట్టయు వలక్రింది నేలపై పేరుకొనును. ప్రవాహము చాలని చోట్ల అడుగున నుండు జీవులకు ప్రాణవాయువు కఱవగును.

ఇన్ని చిక్కులున్నను, అడవి సాల్మన్ తగ్గుటకు వల పెంపకమే కారణమని తేల్చి చెప్పుట సులభము కాదు. 2009లో ఫ్రేజర్ నదికి కోటికి పైగా సాకై జాతి సాల్మన్ వచ్చునని ఎదురుచూడగా సుమారు 14 లక్షలు మాత్రమే వచ్చినవి. కెనడా ప్రభుత్వము న్యాయమూర్తి కోహెన్ ఆధ్వర్యమున విచారణసంఘమును నియమించెను. 2012లో వెలువడిన ఆ సంఘపు నివేదిక ఈ క్షీణతకు ఏ ఒక్క కారణమును వేలెత్తి చూపజాలమని చెప్పెను. నీరు వేడెక్కుటను కూడ ఒక ప్రమాదముగా పేర్కొనెను. వల పెంపకము విషయమున జాగ్రత్త అవసరమని హెచ్చరించెను. విచిత్రమేమనగా, 2010లో ఆ నదికే సుమారు మూడు కోట్ల చేపలు వచ్చినవి. శాస్త్రజ్ఞులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. కాని హాని రుజువగు వఱకు ఆగిన పిదప, పోయిన చేపజాతిని తిరిగి తెచ్చుట ఎవ్వరి తరము?

ఈ ప్రశ్నతో కలతపడిన నంగిస్ జాతివారు ఊరక ఫిర్యాదు చేసి కూర్చుండలేదు. సాల్మన్‌ను సముద్రమున గాక నేలమీదనే పెంచి చూపవలెనని సంకల్పించిరి. పోర్ట్ మెక్నీల్ పట్టణపు సమీపమున వారి భూమిలో మూసిన తొట్ల కేంద్రము వెలసెను. క్వాక్వల భాషలో సాల్మన్‌కు గల పేరును, భూమి యను అర్థము గల టెర్రా అను లాటిన్ పదమును కలిపి దానికి కుటెర్రా అని పేరిడిరి. 2013 మార్చిలో తొలి పిల్లలను విడిచిరి. 2014లో తొలి పంట బజారునకు వచ్చెను. చేప అక్షరాల గట్టెక్కెను.

సముద్రము కూలిలేక చేసిన పనులన్నిటిని ఇచ్చట మనుష్యుడు చేయవలెను. ఆ ఏర్పాటు తెలిసికొనదగినది. చేపలుండు పెద్ద గుండ్రని తొట్టిలో నీటిని సుడితిరుగునట్లు వదలుదురు. ఈ ప్రవాహమునకు ఎదురీదుచు చేపలు బలము పొందును. సుడివలన రెట్టయు, మిగిలిన మేతయు నడుమకు చేరి, అడుగున నున్న తూముగుండా వెలుపలికి పోవును. ఆ నీరు మొదట తిరుగుడు జల్లెడను చేరును. సన్నని జల్లెడగుడ్డ గట్టి మలినమును పట్టుకొనును. అట్లు చేరిన మడ్డిని ఎరువుగా మార్చవచ్చును.

జల్లెడకు చిక్కనిది ఒకటి కలదు. చేప తన మొప్పల ద్వారా అమోనియాను విసర్జించును. అది నీటిలో కరిగియుండును. కొంచెము మించినను చేపకు విషమే. దీనిని తొలగించుటకు సూక్ష్మజీవుల సహాయము కావలెను. వేలకొలది ముడుతలుగల ప్లాస్టిక్ బిళ్లలతో నిండిన తొట్టిలో ఈ సూక్ష్మజీవులు నివసించును. వానిలో ఒక తెగ అమోనియాను నైట్రైటుగా మార్చును. వేఱొక తెగ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు చేపలకు అంతగా హాని చేయదు. పొలముల నేలలోను, చెరువు అడుగునను సదా జరుగుచుండు పనియే ఇది. ఇచ్చట దానిని ఒక గదిలో జరిపింతురు. పిమ్మట నీటిని పైనుండి జల్లుగా పడవేసి చేపలు విడిచిన బొగ్గుపులుసు వాయువును పోగొట్టుదురు. అతినీలలోహిత కిరణములచే రోగక్రిములను చంపుదురు. ప్రాణవాయువును నింపి తిరిగి తొట్టిలోనికి పంపుదురు. మంచి కేంద్రములలో నూటికి తొంబదితొమ్మిది పాళ్ల నీరు ఇట్లు మరల మరల ఉపయోగపడును. పేను లోనికి రాదు. చేప వెలుపలికి పోదు. మలినము సముద్రమున కలియదు.

వినుటకు ఇది యంతయు బాగుగనే యున్నది. కాని ఈ పద్ధతికిని కష్టములు కలవు. మొదటిది విద్యుచ్ఛక్తి. పంపులు రేయింబవళ్లు తిరుగవలెను. అవి ఆగినచో కొలది నిమిషములలోనే ప్రాణవాయువు తఱిగి తొట్టిలోని చేపలన్నియు చచ్చును. అందుచేత వేఱొక జనరేటరును, నిలువ ప్రాణవాయువును ఎల్లప్పుడు సిద్ధముగా నుంచవలెను. ఆ విద్యుత్తును బొగ్గు కాల్చి పుట్టించినచో, సముద్రమునకు తప్పిన భారము ఆకాశమునకు చేరును. జలవిద్యుత్తు సమృద్ధిగా నున్న బ్రిటిష్ కొలంబియాలో ఈ దోషము తక్కువ.

రెండవది చోటు. నార్వే నియమము ప్రకారము వల పంజరమున ఒక ఘనమీటరు నీటికి 25 కిలోల చేపకు మించి యుండరాదు. అనగా వేయి కిలోల చేపకు 40 ఘనమీటర్ల నీరు. తొట్ల ఖర్చు అధికమగుటచే నేలమీది కేంద్రములు సాధారణముగా 50 కిలోలకు మించి పెంచుచుండును. అప్పుడు వేయి కిలోల చేపకు 20 ఘనమీటర్లును దక్కవు. ఇంత ఒత్తిడిలో చేప సుఖముగా నున్నదా యని గమనించుట పెంపకందారుని బాధ్యత.

మూడవది రుచి. తొలకరి చినుకు పడగానే నేలనుండి లేచు కమ్మని వాసనకు జియోస్మిన్ అను పదార్థము కారణము. ఈ పదార్థమే తొట్లలోని సూక్ష్మజీవుల వలన పుట్టి చేపమాంసమునకు పట్టును. నేలమీద హాయి గొలుపు వాసన నాలుకమీద మట్టిరుచి యగును! దీనిని పోగొట్టుటకు, అమ్ముటకు ముందు కొన్నిదినములు మేత పెట్టక చేపలను శుభ్రమైన నీటిలో ఉంచవలెను. ఆ దినములలో చేప బరువు తగ్గును; ఖర్చు పెరుగును.

నాలుగవది, అన్నిటికంటె పెద్దది, ధనము. కుటెర్రా చిన్న కేంద్రము. దాని చేప మంచిదని పేరు వచ్చినను, తొలి సంవత్సరములలో నష్టములు తప్పలేదు. తరువాత దానిని వేఱొక సంస్థకు కౌలుకిచ్చిరి. ఇతర దేశములలో కట్టిన పెద్ద కేంద్రములలో సహితము యంత్రములు చెడి లక్షలకొలది చేపలు నశించిన సందర్భములు కలవు. నేలమీద సాల్మన్‌ను పెంచవచ్చునని నంగిస్ వారు నిరూపించిరి. వలచేప ధరకే పెంచవచ్చునని నిరూపించుట ఇంకను మిగిలియున్నది.

ఈ రెండింటికి నడిమి మార్గములను కూడ వెదకుచున్నారు. 2015లో నార్వే ప్రభుత్వము క్రొత్తరకపు పెంపకసాధనములను నిర్మించువారికి ప్రత్యేకమైన అనుమతుల నిచ్చు పథకమును ప్రారంభించెను. కొందఱు సముద్రముననే వలకు మాఱుగా నీరు చొరని గోడగల సంచులను తేల్చి, పేనుపిల్లలు తిరుగు పైపొరను విడిచి లోతునుండి నీటిని తోడుచున్నారు. మఱికొందఱు చేపపిల్లలను నూఱు గ్రాములకు బదులు అర కిలో, కిలో వఱకు నేలమీదనే పెంచి, సముద్రమున నుండు కాలమును తగ్గించుచున్నారు.

ఇంతలో ప్రభుత్వములును కదలినవి. 2018 డిసెంబరులో బ్రౌటన్ ప్రాంతపు మూడు ఆదివాసి జాతులకును రాష్ట్ర ప్రభుత్వమునకును ఒడంబడిక జరిగెను. దాని ప్రకారము అచ్చటి 17 వల కేంద్రములలో కొన్నిటిని క్రమముగా మూయవలెను. మిగిలినవి కొనసాగుటకు ఆ జాతుల సమ్మతి కావలెను. ఆ మూడు జాతులలో నంగిస్ ఒకటి. 2024 జూన్‌లో కెనడా ప్రభుత్వము బ్రిటిష్ కొలంబియా తీరమున తెరచిన వలలలో సాల్మన్ పెంపకమును 2029 జూన్ 30 నాటికి నిలిపివేయుదుమని ప్రకటించెను.

ఈ ప్రకటన కొందఱకు ఊరట, మఱికొందఱకు దిగులు. అదే తీరమున క్లెంటు అను మారుమూల గ్రామము కలదు. అచ్చటి ఆదివాసులు చేపల సంస్థతో ఒడంబడిక చేసికొని, వల పెంపకము వలననే జీవనోపాధి పొందిరి. తమ నీటిలో ఏమి చేయవలెనో నిర్ణయించు హక్కు తమకే కలదని వారందురు. తొట్టికి సముద్రతీరమే కావలెనను నియమము లేదు. పట్టణపు చెంతను కట్టవచ్చును. అప్పుడు మారుమూల గ్రామపు ఉద్యోగములు పట్టణమునకు తరలిపోవును. నంగిస్ వారి భయము చేపను గూర్చి. క్లెంటు వారి భయము కూటిని గూర్చి. రెండును కడుపునకు సంబంధించినవే. ఒకదానిని విని వేఱొకదానిని పెడచెవిని పెట్టుట న్యాయము కాదు.

ఆంధ్రతీరమునకు ఈ విషయము పూర్తిగా పరాయిది కాదు. 1990 తరువాతి దశాబ్దమున తెల్లమచ్చల తెగులు రొయ్యల చెరువులను దెబ్బతీసినప్పుడు, ఒక చెరువు విడిచిన నీటినే పొరుగు చెరువు తోడుకొనుట తెగులు వ్యాపించుటకు ఒక కారణమయ్యెను. గట్టు వేఱైనను కాలువ ఒక్కటియే. వలపంజరమైనను, రొయ్యల చెరువైనను నీటికి సరిహద్దు లేదను సత్యము ఒక్కటే.

చౌకగా దొరకు వస్తువు వెల అంతయు కొనువాడు చెల్లించినదే యని తలంపరాదు. వలచేప వెలలో కొంతభాగమును సముద్రము చెల్లించినది. కొంతభాగమును ఏటికెక్కవలసిన అడవిచేప చెల్లించినదేమో యని శంకింపవలసి వచ్చినది. మూసిన తొట్టి ఆ లెక్కను దాచనీయదు. నీటిని శుభ్రము చేసిన ఖర్చు, ప్రాణవాయువు ఖర్చు, మడ్డిని ఎత్తిన ఖర్చు, అన్నియు పుస్తకములో కనబడును. అందుచేతనే దాని చేప ప్రియము. ఆ ప్రియమును తగ్గించు ఉపాయము కనుగొనుట ఇక రానున్నవారి పని. చేప గట్టెక్కినది, పెంపకము ఇంకను గట్టెక్కవలసి యున్నది.

ప్రశ్నలు

1. పులసకును సాల్మన్‌కును గల పోలిక యేమి?

2. సముద్రపు పేనులను ప్రకృతి ఎట్లు అదుపులో ఉంచును? వల పంజరములు ఆ యేర్పాటును ఎట్లు మార్చును?

3. మూసిన తొట్టిలోని నీరు ఏయే దశలలో శుభ్రపడునో వరుసగా వ్రాయుము.

4. నంగిస్ వారి భయమును, క్లెంటు వారి భయమును పోల్చి, ఇద్దఱికిని న్యాయము కలుగు మార్గమేదో నీ యభిప్రాయము తెలుపుము.